ఊపిరి వదిలితేనే కొలత

మిత్రులకు నమస్కారం. ఈ నాలుగు ముక్కలు రాయడం బాగా ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా మ్యాచింగ్ సెంటర్ పక్క మడిగెలో ముప్పై ఏళ్ళు మిషన్ తొక్కిన దర్జీ చాచా పోయారు. మూసారాంబాగ్‌లో ఇంట్లోనే, మధ్యాహ్నం నమాజుకు లేవబోయి కూలబడ్డారట. నలభయ్యో రోజు ఫాతిహా కూడా అయిపోయింది. ఆ రోజే రాద్దామని కూర్చున్నాను, చెయ్యి సాగలేదు. పెళ్ళిళ్ళ సీజన్, ఫాల్స్, లైనింగులు, గిరాకీ వదలలేదు అని మీకు చెప్పొచ్చు. కానీ అది అబద్ధం. చాచా గురించి రాయాలంటే నేను చేసిన ఒక పని కూడా రాయాలి. అదీ అసలు సంగతి.

చాచాకు కొలత ఇచ్చినవాళ్ళందరికీ ఒక మాట గుర్తుండాలి. టేపు నడుముకు చుట్టగానే ఎంతటివాడైనా పొట్ట లోపలికి గుంజుతాడు. చాచా టేపు అలాగే పట్టుకుని, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ ఆగిపోయేవారు. "ఊపిరి ఇడవండి సాబ్. ప్యాంటు నేను తొడగ, మీరే తొడగాలె." ఆ మనిషి సిగ్గుపడి నవ్వి ఊపిరి వదిలేదాకా అంకె రాసుకునేవారు కాదు.

మా పై అంతస్తులో చరిత్ర మాస్టారి ట్యూషన్ ఉండేది. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ క్రైస్తవులు. పోటీ పరీక్షలు రాసేవాళ్ళకు పాఠాలు చెప్పేవారు. సాయంత్రం నాలుగింటికి, రెండు బ్యాచుల మధ్య ఖాళీలో కిందికి దిగి చాచా మిషన్ ముందు స్టూలు మీద కూర్చునేవారు. వాళ్ళిద్దరికీ ఒకటే చాయ్, వన్ బై టూ. పక్కనే ఉన్న నాకు విడిగా ఫుల్ చాయ్. వాళ్ళు ఒకరినొకరు నువ్వు అనుకునేవారు. నన్ను మాత్రం మీరు అనేవారు. మర్యాదే, కాదనను. ఆ సగం గ్లాసు వైపు చూస్తూ నిండు గ్లాసు తాగితే ఎలా ఉంటుందో నన్నడగండి.

మొదట్లో ఇద్దరూ గట్టిగానే పోట్లాడుకునేవారు. మీవాళ్ళు జెరూసలేంలో అలా చేశారని చాచా అంటే, మీవాళ్ళు ఇస్తాంబుల్లో ఇలా చేశారని మాస్టారు. ఒకరోజు చాచా మెళ్ళో టేపు తీసి మిషన్ మీద పెట్టారు.

"ఆగు మాస్టర్ సాబ్. ఇద్దరం పొట్టలు గుంజుకోని కూసున్నం. ఇగ నుంచి నీ ఇంటిది నువ్వు చెప్పు, నా ఇంటిది నేను చెప్త."

అదీ షరతు. ఎదుటివాళ్ళ తప్పు ఎత్తినవాడు ఆ పూటకు నోరు మూసుకోవాలి. ఆ రోజునుంచి మాస్టారు తనవాళ్ళ సంగతే చెప్పేవారు. జెరూసలేం గోడలెక్కిన సిలువ యోధులు దొరికిన ముస్లింలనూ యూదులనూ నరికి, ఆ తర్వాత క్రీస్తు సమాధి దగ్గరకెళ్ళి ఆనందంతో ఏడుస్తూ ప్రార్థన చేశారట. ఆ ఏడుపు నిజమైనదే, అదే నాకు భయం అనేవారు మాస్టారు. చాచా తనవాళ్ళ సంగతి చెప్పేవారు. మాస్టారిచ్చిన పుస్తకాలు మనవరాలితో చదివించుకుని మరీ వచ్చేవారు. తుర్కులు ఇస్తాంబుల్ పట్టుకున్ననాడు పెద్ద చర్చిలో దాక్కున్న ఆడవాళ్ళనూ పిల్లలనూ తాళ్ళతో కట్టి బానిసలుగా పంచుకున్నారని చెప్పి, ఆ పూట కుట్టిన కాజా విప్పి మళ్ళీ కుట్టారు.

తప్పు మతానిదా, మనిషిదా అన్నది మాత్రం వాళ్ళ మధ్య ఎప్పటికీ తేలలేదు. చాచా ఉద్దేశం, కత్తెర ఎవరి చేతిలో ఉంటే తప్పు వాళ్ళది, బట్టదేముందని. మాస్టారు ఒప్పుకునేవారు కాదు. "అదేంటి భాయ్, బట్ట లేకుండా చొక్కా ఎక్కడినుంచి వచ్చింది? మతాన్ని అంత తేలిగ్గా వదలకు." కానీ ఒక్క విషయంలో ఇద్దరూ కలిసేవారు. స్పెయిన్లో బలవంతంగా బాప్తిస్మం ఇచ్చిన ముస్లింలు శుక్రవారం స్నానం చేశారనీ, పంది మాంసం ముట్టలేదనీ అధికారులకు చాడీలు మోసింది ఇరుగుపొరుగువాళ్ళేనని మాస్టారు చెప్పారు. తుర్కీలో ఆర్మేనియా క్రైస్తవులను ఊళ్ళకు ఊళ్ళు తోలేస్తే, వాళ్ళ ఇళ్ళలో పొయ్యి రాజేసింది కూడా పక్కింటివాళ్ళేనని చాచా చెప్పారు. అప్పుడు మాస్టారన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "కత్తి దూసేవాడు ఎక్కడో దూరం నుంచి వస్తాడు, వాడికి దేవుడు కావాలి. ఇల్లు చూపించేవాడు పక్కనే ఉంటాడు. వాడికి కుళ్ళు చాలు."

ఇవన్నీ బ్లౌజు ముక్కలు మడతపెడుతూ విన్నాను. ఏళ్ళ తరబడి విన్నాను. పోట్లాడుకోవడానికి వాళ్ళకు వెయ్యేళ్ళ చరిత్ర ఉంది, నాకేముందని కడుపు రగిలేది. ఒకరోజు ఉండబట్టలేక స్టూలు లాక్కుని నేనూ కూర్చున్నాను. ఇద్దరూ సంతోషంగానే జరిగారు.

"చెప్పుండ్రి సేట్, మీ ఇంటిది," అన్నారు చాచా.

మాకేముంది, పోచంపల్లి దగ్గర మగ్గం నేసుకున్నవాళ్ళం, మావాళ్ళు ఎవరి జోలికీ పోలేదు అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారు.

"బాగ గుంజిన్రు సేట్," అన్నారు చాచా కళ్ళు తుడుచుకుంటూ.

వాళ్ళకది సరదా. నాకు ఒళ్ళంతా మండింది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నా దుకాణంలో జెండాలకు గులాబీ బట్ట తాన్లకు తాన్లు పోతోంది. నేనూ జై తెలంగాణ అన్నవాణ్ణే, మనసారా అన్నాను, ఇప్పటికీ దానికి సిగ్గుపడను. వాళ్ళు నవ్విన మూడో రోజో నాలుగో రోజో బంద్. సగం షట్టర్ దించి లోపల బట్ట కొలుస్తున్నాను, పక్కన చాచా కూడా అలాగే సగం దించి కత్తిరిస్తున్నారు. జెండాలు పట్టుకుని పదిమంది వచ్చారు. ముందురోజు నా దగ్గర బట్ట కొన్నవాళ్ళే.

"అన్నా, గీ గల్లీల ఆంధ్రోళ్ళ ట్యూషన్ ఉందట, యాడ?" అన్నాడొకడు.

తెలియదంటే పోయేవాళ్ళు. మిగతా షట్టర్లన్నీ మూసే ఉన్నాయి, బోర్డు మెట్ల వెనక ఉంది. నా చేతిలో మీటరు కర్ర ఉంది. దాంతో పైకి చూపించాను. నోటితో ఒక్క మాట కూడా అనలేదు.

పైన అద్దాలు పగిలాయి, బోర్డు కింద పడింది. చాచా కత్తెర పడేసి మెట్లెక్కి అడ్డం నిలబడితే ఒక గాజు పెంకు అరచేతిలో దిగింది. వాళ్ళు వెళ్ళిపోయాక మాస్టారు సగం చిరిగిన ప్రపంచ పటం చుట్టి పట్టుకుని దిగారు. నన్ను చూసి, "మీకేం కాలేదు కదండీ? షాపు బానే ఉందా?" అని అడిగారు.

నెల తిరక్కుండా ఆయన సామాను సర్దుకుని సొంతూరు వెళ్ళిపోయారు. ఆ మర్నాడు నాలుగింటికి చాచా చాయ్ చెప్పారు. ఒకటే వచ్చింది. కట్టు కట్టిన చేత్తో రెండు గ్లాసుల్లో పోసి ఒకటి నా ముందు పెట్టారు.

"తాగు బేటా," అన్నారు. మొదటిసారి నువ్వు అన్నారు.

అప్పుడర్థమైంది, చాచా కర్రను చూశారని. ఎన్నేళ్ళుగానో కోరుకున్న సగం గ్లాసు చేతిలో ఉంది, తాగకుండా మిషన్ పలక మీద పెట్టేశాను.

ఎవరికీ చెప్పలేదు చాచా. రోజూ తన ఇంటి సంగతి ఏదో చెప్పి, చాయ్ చల్లారేదాకా నా వంతు కోసం ఆగేవారు. నేను మెట్రో పిల్లర్ల గురించీ నూలు ధరల గురించీ మాట్లాడేవాణ్ణి. తెలంగాణ వచ్చిననాడు లడ్డూలు తీసుకెళ్ళాను. చాచా ఇష్టంగా తిన్నారు, వేళ్ళు తుడుచుకున్నారు.

"మన తెలంగాణ వచ్చింది. ఇగనన్న ఊపిరి ఇడుస్తవా బేటా?"

దేనికి చాచా అన్నాను. ఆయన మిషన్ తొక్కుకున్నారు.

మొన్న రంజాన్ ముందు నాకు ప్యాంటు కొలత తీశారు. అలవాటుగా పొట్ట గుంజాను. ఆయన ఆగారు. నేను వదిలాను. అంకె రాసుకుంటూ, "నడుము ఒప్పుకున్నది. ఇగ నోరే," అన్నారు. అదే ఆఖరి పెద్ద మాట. ఆ ప్యాంటు తొడుక్కునే ఇది రాస్తున్నాను, ఎక్కడా బిగువు లేదు.

మాస్టారూ, ఇది మీకూ చేరుతుంది. ఫోన్లో చాచా పోయారని చెప్పినప్పుడు మీరు చాలాసేపు ఏడ్చారు. అప్పుడు కూడా ఇది చెప్పలేదు. ఆ వచ్చిన కుర్రాళ్ళకు కోపం ఉంది, ఆ కోపానికి కారణాలున్నాయి. కర్ర పట్టుకున్న నాకు అదేమీ లేదు. మీ సగం గ్లాసు మీద కుళ్ళు, అంతే. ఇదీ నా ఇంటిది. చాచా ఉండగా చెప్పాల్సింది.

నాలుగింటికి హోటల్ నుంచి అలవాటుగా వన్ బై టూ ఇంకా వస్తూనే ఉంది. వద్దని చెప్పలేదు. ఒక గ్లాసు నేను తాగి, రెండోది చాచా మిషన్ పలక మీద పెడుతున్నాను. మీగడ కట్టేదాకా అలాగే ఉంటుంది. మీ స్టూలు తుడిచి ఉంచాను. తిట్టడానికైనా సరే, ఎప్పుడొస్తారు మాస్టారూ?