ఒంటి చేత్తో కట్టిన గజ్జెలు

ముందుగా ఒక మాట. నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇన్నేళ్లలో సరుకుల చీటీలు తప్ప ఇంకేమీ రాయలేదు. మా మనవరాలు నోటుబుక్కు చేతిలో పెట్టి, రాయాల్సిందేనని కూర్చోబెట్టింది. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి. నవ్వుకోండి గానీ చదవడం మాత్రం ఆపకండి.

నా చిన్నప్పుడు, తనకల్లు దగ్గర మా ఊళ్లో, వేరుశనగ పని అయిపోయిందంటే చాలు, సాయంత్రం పూట కళ్ళంలో చెక్కభజన మొదలయ్యేది. అబ్బ, ఆ సంబరం! పదహారు మంది, ఎనిమిది జతలు. కాళ్లకు గజ్జెలు, రెండు చేతుల్లో చెక్కలు. మధ్యలో మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, పాట అందుకునేవాడు. ఆయనే గురువు. జతగాళ్లు ఎదురెదురుగా ఎగిరి గిర్రున తిరిగేవాళ్లు. ఎదుటివాడి చెక్క మన చెవి పక్కనుంచే పోతుంది. ఒక్క అడుగు తప్పితే ముక్కు పగిలినట్టే. అందుకే ఎవరికి ఎవరు జత అన్నది పెద్ద విషయం.

మా చిన్నాయన, నాకు ఊహ తెలియక ముందు, ఆ జట్టులో అందరికన్నా బాగా ఎగిరేవాడట. ఆయన జతగాడే ఒకసారి చేని గట్టు తగాదాలో ఆయన్ను కట్టెతో కొట్టాడు. కుడి మోచెయ్యి విరిగింది. మళ్లీ ఆ చేతి వేళ్లు మడతపడలేదు. కొట్టిన మనిషి జైలుకు పోయాడు. చిన్నాయన మాత్రం రోజూ కళ్ళానికి వచ్చి, గోడకు ఆనుకుని చూస్తూ కూర్చునేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ మనిషి జైలు నుంచి వచ్చాడు. సరిగ్గా ఆ ఏడే మా జట్టులో ఒకాయన బెంగుళూరుకు గారె పనికి, అంటే గోడలకు సిమెంటు పూసే పనికి, వెళ్లిపోయాడు. పదిహేను మందే మిగిలారు. తిరునాళ్లలో భజన పందెం పన్నెండు రోజుల్లో ఉంది. ఒక సాయంత్రం ఆ మనిషి కళ్ళం అంచున నిలబడి, నన్ను కూడా చేర్చుకోండి అని చేతులు జోడించాడు.

"ఏమప్పా, జైల్లో గూడా చెక్కలు నేర్పిస్తారా?" అని ఒకాయన ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు.

"శిక్ష పడె, అనుభవించె. ఇంగా ఎన్నాళ్లు దూరం పెడతారన్నా?" అన్నాడు ఇంకొకాయన.

"నీ చెయ్యి బాగుండాది కాబట్టి అంటాండావు!" అని జట్టులో మరొకాయన ఎగిరిపడ్డాడు.

మా జేజినాయన అవునని అనలేదు, కాదని అనలేదు. సంచిలోంచి ఒక జత గజ్జెలు తీసి గోనెపట్ట మీద పెట్టాడు. "కొత్తోనికి గురువు గజ్జె కట్టగూడదు. జట్టులో ఎవురైనా కట్టాల. కట్టినోడే పూచీ. రేపు వీడు తప్పు జేస్తే కట్టినోడు గూడా బయటికి పోవాల. ఇది మన కట్టుబాటు" అన్నాడు. అది నిజంగా పాత కట్టుబాటో, ఆయన అప్పటికప్పుడు పుట్టించిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎవరూ ముందుకు రాలేదు.

ఆ మనిషి మాత్రం రోజూ అందరికన్నా ముందే వచ్చేవాడు. దుమ్ము లేవకుండా కళ్ళం ఊడ్చి, నీళ్లు చల్లి, దూరంగా కూర్చునేవాడు. ఒకరోజు నేను ధైర్యం చేసి ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"మా చిన్నాయన చెయ్యి ఇరగ్గొట్టింది నువ్వే కదా?"

"నేనే పాపా."

"యాల కొట్టినావు?"

"కోపంలో ఏదో అయిపోయిందని చెప్తే అబద్ధమైతాది. కొట్టల్లనే కొట్టినా."

నాకు భయం వేసింది. కానీ అబద్ధం చెప్పలేదే అని కూడా అనిపించింది.

వారం రోజులు ఆ గజ్జెల చుట్టూ వాదనలే. చేర్చుకోవాలని కొందరు, కూడదని కొందరు. అభ్యాసం సగం, అరుపులు సగం. ఎనిమిదో రోజు చిన్నాయన గోడ దగ్గర నుంచి దిగ్గున లేచాడు.

"ఇరిగింది నా చెయ్యి. వారం దినాలుగా దాని గురించి అందరూ మాట్లాడతాండారు. నన్ను మాత్రం ఒగడూ అడగడే!"

మా జేజినాయన మొహం చూశాను. ఆయన ఎదురుచూసింది ఈ మాట కోసమేనని అప్పుడు తెలిసింది. కొడుకును తాను అడిగితే, నాయన మాట కాదనలేక ఒప్పుకుంటాడని ఆగాడు.

చిన్నాయన గజ్జెలు తీసుకుని ఆ మనిషి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఒంటి చేత్తో ముడి పడదు కదా! "ఏమే పాపా, ఈ కొన గట్టిగా పట్టుకో" అని నన్ను పిలిచాడు. ఒక కొన నేను పట్టుకున్నాను, రెండో కొన ఆయన లాగాడు. ఆ మనిషి కాలు వణికి గజ్జెలు గలగలమంటున్నాయి.

"కదలగాకప్పా, ముడి పడల్ల!" అని కసిరాడు చిన్నాయన. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. "మన్నించినానని అనుకోవద్దు. నా ఇంటికి రావద్దు. ఈ కళ్ళంలో మాత్రం ఎగురు. నీ అడుగు నాకు తెలుసు."

ఆ మనిషి తల ఊపాడు, అంతే.

ఇక పందెం రోజు చూడాలి! జైలు గురించి ఎగతాళి చేసినాయననే ఆ మనిషికి జతగా నిలబెట్టాడు జేజినాయన. మొదటి పాటలో ఆ మనిషి చెక్క దగ్గరికి వచ్చినప్పుడల్లా ఎగతాళి చేసినాయన మెడ వెనక్కి లాక్కున్నాడు. రెండో పాటకు మెడ నిలబడింది. మూడో పాటకు కళ్లు మూసుకుని ఎగిరాడు! దుమ్ము, ఈలలు, గజ్జెల మోత! చిన్నాయన బయట పరుగులు తీస్తూ "ఎడమకు, ఎడమకు!" అని గొంతు పోయేలా అరిచాడు. ఆయన వెనకే నేనూ అరిచాను. చివరి పాటలో ఆ ఎగతాళి మనిషే కాలుజారి పడ్డాడు గనుక రెండో బహుమతితో సరిపెట్టుకున్నాం. అయినా దారి పొడుగునా పాడుకుంటూనే వచ్చాం.

ఆ మనిషి ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ మా జట్టులో ఎగిరాడు. మా ఇంటి గడప మాత్రం తొక్కలేదు. మా జేజి, అంటే మా నాయనమ్మ, ఆయనకు గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వలేదు. ఇవ్వమని మా జేజినాయన ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడు నేను బుక్కరాయసముద్రంలో ఆడవాళ్ల కోలాటం జట్టులో పెద్దదాన్ని. పోయిన నెల ఒకామె చేరతానని వచ్చింది. తోడికోడలిని కొట్టి జైలుకు వెళ్లొచ్చిందని అందరికీ తెలుసు. ఫోన్లలో ఒకటే గోల. నేను ఒక్కటే అడిగాను, ఆ తోడికోడలు మన జట్టులో ఉందా అని. ఉంటే ఆమె మాటే నా మాట. లేదన్నారు. సరే, అయితే జతగా ఆమె ఎదురుగా నేను నిలబడతానన్నాను. మొదటి రోజు ఆమె కోల నా మొహం మీదికి వచ్చినప్పుడు నాకూ వెనక్కి లాక్కోవాలనిపించింది. అయినా మెడ కదపలేదు. రెండో రోజుకు ఆమె నవ్వింది.

నాకు తెలిసింది ఇంతే. ఇందులో అక్షరాలు యాడైనా తప్పుగా పడి ఉంటే, మీ ఇంట్లో పెద్దామె రాసిందనుకుని సర్దుకుని చదువుకోండి.