పొడి తినని గొర్రెపిల్లలు

ఇప్పుడు సీతమ్మధారలో మా వీధి మందుల షాపువాడు అడగకుండానే జింకు బిళ్ళలు చేతిలో పెడుతున్నాడు గానీ, ఆ రోజుల్లో ఆ పేరు మనుషులకే సరిగా తెలియదు, ఇక గొర్రెలకేం తెలుస్తుంది? ఉక్కునగరంలో సెక్టార్లు ఒక్కొక్కటే పునాదుల్లోంచి పైకి లేస్తున్న కాలం. పశువుల ఆసుపత్రిలో సహాయకుడిగా నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. వయసు ఇరవై మూడు. గీతలు గీసి, గళ్ళు కట్టి, అంకెలు నింపితే ఈ లోకంలో తేలని సంగతంటూ ఉండదని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకంతోనే పెళ్ళిచూపులకు వెళ్ళినచోట కూడా ఒక పట్టిక వేశాను. ఆ వివరాలు రాస్తే మా ఆవిడ ఈ వయసులో ఊరుకోదు.)

కూర్మన్నపాలెం పక్కన ఒక కాపరి ఉండేవాడు. అందరూ గొర్రెల తాత అనేవారు. అతని మందలో పాలు మరిచిన పిల్లలు ఎదగకుండా ఎండిపోతున్నాయి. బొచ్చు పొరలు పొరలుగా ఊడిపోతోంది. అవి మేత వదిలేసి గోడలు నాకుతున్నాయి, ఖాళీ సిమెంటు సంచులు నములుతున్నాయి. ఇక్కడి గడ్డిలో జింకు, కోబాల్టు లాంటివి చాలడం లేదని మా పెద్ద డాక్టరుగారు తేల్చారు. పైనుంచి గొర్రెల కోసమే చేసిన ఖనిజ లవణాల పొడి ఒక డబ్బా వచ్చింది. రోజుకు చిటికెడు చాలు. దానితోపాటు ఒక షరతు కూడా వచ్చింది. ఇరవై పిల్లల్లో పదింటికి తవుడులో పొడి కలిపి పెట్టాలి, పదింటికి ఉత్త తవుడే పెట్టాలి. మూడు నెలల తర్వాత పొడి తిన్నవి ఎక్కువ బరువు తూగితే చుట్టుపక్కల మందలన్నిటికీ ఏడాది పొడవునా పొడి ఇస్తారు. తూగకపోతే డబ్బా వెనక్కి.

పొడి తినవలసిన పదింటి వీపుల మీద నేనే నీలం రంగు పూశాను. తాతకు రెండుసార్లు విడమరిచి చెప్పాను.

"మిగతా పదీ ఏటి పాపం సేసినాయి బాబూ?" అన్నాడు.

"పాపం కాదు తాతా. తేడా తెలియాలి కదా."

అతను ఇంకేదో అనబోతుంటే భార్య అడ్డుపడింది. "నువ్వూరుకో. ఆపీసోల్లతో వాదనేటి? ఆ డబ్బా కూడా అట్టుకుపోతారు." తాత తలూపాడు. కాపరికి విషయం పూర్తిగా బోధపడిందని నేను డైరీలో రాసుకున్నాను.

ఇక ప్రతి శుక్రవారం పొద్దున్నే వెళ్ళి, పిల్లను గోనెపట్టాలో చుట్టి, త్రాసుకు తగిలించి తూచేవాణ్ణి. ముల్లు కదలడం ఆగేదాకా ఊపిరి బిగబట్టేవాణ్ణి. (పిల్ల మాత్రం బిగబట్టేది కాదు. నా చొక్కాల మీద దాని అభిప్రాయం ప్రతివారం స్పష్టంగా కనిపించేది.) మూడు నెలలకు బొచ్చు నిగనిగలాడింది, గోడలు నాకడం మానేశాయి, బరువు పెరిగాయి. ఇరవయ్యీ పెరిగాయి. నీలం రంగుకూ రంగు లేనివాటికీ పావు కిలో కూడా తేడా లేదు.

పెద్ద డాక్టరుగారు పట్టిక చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇలా పంపితే ఎలాగయ్యా? రంగు లేనివాటికి తలా రెండు కిలోలు తగ్గించి రాయి. పొడి మంచిదే, నాకు తెలుసు."

"అంకెలు మార్చలేనండి," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే ఎంతో బాగా వినిపించింది. నివేదిక ఉన్నదున్నట్టు వెళ్ళింది. పొడివల్ల ప్రయోజనం లేదు గనుక డబ్బా వాపసు చేయాలని జవాబు వచ్చింది.

డబ్బా కోసం సాయంత్రం వెళ్ళాను. మేత వేళకు అక్కడికి వెళ్ళడం అదే మొదలు. ఒకే తొట్టి. అందులో ఇరవై మూతులు.

"తాతా, ఇవన్నీ కలిసి తింటున్నాయేమిటి?"

"మొదటి దినం నుంచీ అంతే కదేటి. పదింటి పొడి ఇరవైకీ సమంగా పంచినాను. ఓ మందలో పిల్లలకి ఒకదానికెట్టి ఒకదాన్ని సూడమంతామేటి?"

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వడగనేదు. వారం వారం వొచ్చి గొర్రిపిల్లల్ని తూసీవోడివి, ఎలిపోయీవోడివి. నన్ను అడిగితే సెప్పననుకున్నావేటి?"

మర్నాడు ఆఫీసు తలుపులు తెరవకముందే పెద్ద డాక్టరుగారి ఎదుట నిలబడ్డాను. పొడి పనిచేసిందని, సగం మోతాదు పడినా పనిచేసిందని మళ్ళీ రాద్దామని బతిమాలాను. ఆయన శాంతంగా విన్నారు. "శాస్త్రీయంగా తేలిపోయిందయ్యా. తేల్చింది నువ్వే. ఒకసారి తేలినదాన్ని ఆఫీసు మళ్ళీ తేల్చదు," అన్నారు. ఆ ఏడాది నిక్కచ్చిగా పనిచేసినందుకు నాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. తర్వాతి ఈత పిల్లలు మళ్ళీ గోడలు నాకాయి. సగానికి సగం చేతికి రాలేదు.

ఆయన చెప్పిన అబద్ధం రాసి ఉంటే అది నిజానికి ఎంతో దగ్గరగా ఉండేది. నేను రాసిన నిజంలో మాత్రం ప్రతి అంకె సరైనదే, మొత్తం తప్పు. ఇన్నేళ్ళ తర్వాత ఆ త్రాసు ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే తిట్టబుద్ధి కాదు, నవ్వే వస్తుంది. వాడు చాలా బుద్ధిమంతుడు. పక్కన చుట్ట కాలుస్తూ కూర్చున్న ముసలాయన వైపు తల తిప్పి "ఏం పెడుతున్నావు తాతా?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది! కానీ వాడి పట్టికలో ఆ ప్రశ్నకు గడి లేదు.