చల్లారిన బండిలో వేడి అంకె

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. భక్తి వేరు, భయం వేరు అని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. పోయినవాళ్లు దేవుని దగ్గర నిద్రపోతారు, మన పెరట్లో తిరగరు అనేది. నేను బడికి పోలేదు. అమ్మే బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించింది. పెళ్లయ్యాక మా ఆయన చేతికి వైర్లు కొలిచే మీటరిచ్చి కరెంటు పని నేర్పారు. ఆ రెండు చదువులకూ ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. ఇక్కడ రాసేది రెండో చదువు సంగతి.

మా ఆయన పేరు దానం. ఖరగ్‌పూర్‌లో, ఝపటాపూర్‌లోని చిన్న కొట్టులో కార్ల కరెంటు పని చేసేవారు. నేను పక్కన కూర్చుని, ఆయన చెప్పిన అంకెలు నోటుబుక్కులో రాసేదాన్ని.

మా తెలుగు చర్చి సంఘానికి పెద్ద సాల్మన్ గారు. రైల్వేలో రిటైరై తాల్‌బగీచాలో ఇల్లు కట్టుకున్నారు. ఆయన కారు ఆటోమేటిక్. అలాంటి బండిలో గేరు మార్చేది మన చెయ్యి కాదు. గేరుబాక్సు లోపల సోలినాయిడ్లని చిన్న రాగితీగ చుట్టలుంటాయి. కరెంటు అందగానే లోపలి ముల్లు కదిలి నూనెకు దారి ఇస్తుంది, గేరు పడుతుంది. కరెంటు అందకపోతే బండి ఒకే గేరులో ఇరుక్కుని, వేగం అందుకోలేక ఈడుస్తుంది.

సాల్మన్ గారి బండి చాలాసేపు నడిచాక అలా ఈడ్చేది. కాసేపు ఆపితే మళ్లీ మామూలే. దాన్ని ఆయన ఎప్పుడూ ఆదివారం ఆరాధన అయ్యాకే చూపించేవారు. అప్పటికి రెండు గంటలు చర్చి ఆవరణలో నిలబడి బండి చల్లారిపోయి ఉండేది. మా ఆయన చొక్కా చేతులు మడిచి, గేరుబాక్సు వైర్ల కనెక్టరు ఊడదీసి మీటరు పెట్టేవారు. తీగ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, పద్నాలుగు ఓములు. ఉండాల్సినంతే. నాలుగు ఆదివారాలు చూశాం, నాలుగుసార్లూ అంతే.

చుట్టలో వెంట్రుకంత చీలిక ఉంటే చల్లగా ఉన్నప్పుడు కలిసే ఉంటుంది, వేడెక్కితేనే విడిపోతుంది. మా ఆయన అనుమానం అదే.

“అయ్యగారూ, బండి ఒక్క రోజు నాకాడ వదిలీయండి. తిప్పి తెచ్చి, వేడి మీద సూడాల” అన్నారు.

“వదిలీస్తే నువ్వూ నీ పెళ్లామూ దిఘా ఎలిపోయి, సముద్రంలో కాళ్లు కడుక్కుని వత్తారేటి?” అన్నారు సాల్మన్ గారు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. ఇంటికొచ్చాక నోటుబుక్కులో ‘చల్లగా 14’ అని రాయించి, కింద ‘వేడిగా’ అని రాయించి, పక్కన ఖాళీ వదిలించారు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం సాల్మన్ గారి భార్యకు గుండెనొప్పి వచ్చింది. బండి అప్పుడే ఊరంతా తిరిగి వచ్చి ఉంది. ఆమెను ఎక్కించుకుని బయల్దేరితే, ఓవర్‌బ్రిడ్జి ఎక్కుతుండగా ఈడ్చడం మొదలుపెట్టింది. ఆస్పత్రికి చేరేసరికి ఆమె లేరు.

సమాధి దగ్గర, అందరి ముందూ సాల్మన్ గారు ఒకే మాట అన్నారు. “దానం సూసి బాగుందన్న బండే కదా.”

మా ఆయన బాగుందని ఏనాడూ అనలేదు. వేడి మీద చూడాలన్నారు. ఆ మాట విన్నవాళ్లు పదిమంది అక్కడే ఉన్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. తర్వాత కొట్టుకు బళ్లు రావడం మానేశాయి. చర్చిలో మా బల్ల మీద మేమిద్దరమే కూర్చునేవాళ్లం. ఎనిమిది నెలలు తిరిగాక ఒక ఉదయం మా ఆయన నిద్ర లేవలేదు. ఆ వారమంతా నాకు అన్నం తెచ్చి పెట్టింది పక్కింటి బెంగాలీ దీదీ. ఆమెను పంపినందుకు దేవునికి వందనాలు. మా సంఘంలో ఎవరినీ ఎందుకు పంపలేదని కూడా అడిగాను.

సాల్మన్ గారు ఆ బండిని మళ్లీ ముట్టలేదు. టార్పాలిన్ కప్పి ఇంటి ఆవరణలో వదిలేశారు. రెండేళ్లయ్యాక అమ్మకానికి పెట్టారు. కొనడానికి సుభాష్‌పల్లి నుంచి వచ్చిన, మేం దాదా అని పిలిచే బెంగాలీ ఆయన, మీటరు పట్టే మనిషి చూసి చెబితేనే తీసుకుంటానని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. వెళ్లాను. ఇంజన్ నడిపిస్తారు కాబట్టి, వేడి మీద కొలిచే వీలు ఈసారైనా దొరుకుతుందని వెళ్లాను. మా ఆయన చెప్పింది నిజమని ఆ ఇంటి ముందే రుజువు చెయ్యాలనిపించింది.

డిసెంబరు ఉదయం, ఎనిమిదిన్నర. టార్పాలిన్ మీద మంచు తడి ఇంకా ఆరలేదు. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. బ్యాటరీ చచ్చిపోయిందని ఊడదీసి పక్కన పెట్టి, దాదా వేరేది తేవడానికి వెళ్లాడు. ఈలోగా చల్లటి అంకె చూసి ఉంచుకుందామని కనెక్టరుకు మీటరు పెట్టాను.

పద్నాలుగు.

చూస్తుండగానే పద్నాలుగున్నర అయింది. తర్వాత పదిహేను. మీటరు వైర్లు పాడయ్యాయేమోనని రెండు మొనలూ కలిపి చూశాను, సున్నా చూపించింది. మళ్లీ పెట్టాను. పదహారు. రాగి వేడెక్కితే అంకె పెరుగుతుంది, అరగంట నడిచిన బండిలో అయితే పెరగాలి కూడా. ఈ బండిలో బ్యాటరీయే లేదు. పదిహేడు. ఆ తర్వాత అంకెలన్నీ పోయి, ఎడమ చివర ఒక్క ‘ఒకటి’ మిగిలింది. తీగ తెగితే మా మీటరు చూపించే గుర్తు అది.

గేరుబాక్సు మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాను. పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది.

వరండాలో కూర్చున్న సాల్మన్ గారు లేచి వచ్చారు. “ఏటమ్మా, ఏటయింది?”

“సెయ్యెట్టి సూడండి అయ్యగారూ.”

ఆయన కుడి అరచెయ్యి ఆనించి, చటుక్కున లాక్కున్నారు. మీటరు వైపు చూశారు. “దానం సెప్పినాడు” అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. రెండోసారి అనలేదు.

ఐదు నిమిషాలకు అంకె దిగి దిగి పద్నాలుగు దగ్గర ఆగింది. దాదా బ్యాటరీ మోసుకుంటూ వచ్చాడు. నా ముఖం చూసి ఏమైందని అడిగి, తనూ గేరుబాక్సు తడిమి చూశాడు. “దీదీ, యే తో ఏక్‌దమ్ ఠండా హై” అన్నాడు. మంచులా చల్లగానే ఉంది, నేనూ ముట్టుకున్నాను.

ఇంజన్ నడిపిద్దామని నేను అంటుండగానే సాల్మన్ గారు బండి అమ్మనన్నారు. దాదా ఎంత అడిగినా కారణం చెప్పలేదు. మూడో రోజు పాత ఇనుము కొనే కబాడీవాళ్లు వచ్చి దాన్ని ముక్కలుగా కోసి పట్టుకుపోయారు. ఇక కొలవడానికి ఏమీ మిగల్లేదు. నోటుబుక్కులో ‘వేడిగా’ పక్కన ‘17, తర్వాత తెగింది’ అని రాశాను.

మా చర్చిలో పాటల తర్వాత సాక్ష్యాలు చెప్పుకుంటాం. ఆ వారం దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. ఆ ఆదివారం నేను లేచాను. అంకెలతో సహా అంతా చెప్పాను. సాల్మన్ గారి వైపు తిరిగి, “మీరూ సెయ్యెట్టినారు. దానం సెప్పినాడని మీ నోటితోనే అన్నారు. ఆ మాట ఇక్కడ ఒక్కపాలి అనండి” అని అడిగాను.

ఆయన లేచారు. “మన సహోదరి దుక్కంలో ఉంది. ఆమె మనసు కుదుటపడాలని ప్రార్థన సేద్దాం” అన్నారు.

అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఎప్పుడూ రెండు చేతులూ ఎత్తి ప్రార్థించే మనిషి, ఆ రోజు ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తారు. కుడి చేతికి గుడ్డ కట్టి ఉంది.

రెండేళ్లు కదలకుండా పడి ఉన్న ఇనుము ఎలా వేడెక్కిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయనే అనుకోవడానికి నా విశ్వాసం ఒప్పుకోదు. దేవుడే అనుకుంటే, అంతా చూపించి, ఒప్పుకోని మనిషినే సాక్షిగా ఎందుకు పెట్టాడో అర్థం కాదు. ఆ ఆదివారం మాత్రం, నా కోసం చేసిన ప్రార్థన కదా అని చివర ఆమెన్ అన్నాను. మా సంఘంలో ఇప్పటికీ దాన్ని ‘దానం బాగుందన్న బండి’ అనే అంటారు.