మార్కెట్ మెట్ల దాకా

వామన్‌రావు నడకంటే నాంపల్లి గల్లీలో అందరికీ గౌరవమే. తండ్రి నలభై ఏళ్ళకే గుండె ఆగి పోయాడు. తనకా గతి పట్టకూడదని 1958లో మొదలుపెట్టాడు. తెల్లవారగానే ఇంటి నుంచి మొజంజాహీ మార్కెట్, అక్కణ్ణుంచి ఆబిడ్స్ మీదుగా బషీర్‌బాగ్, మళ్ళీ వెనక్కి. సరిగ్గా గంట. ఐదు నిమిషాలు ఎక్కువైతే చాలు, ఆ రోజంతా ఆఫీసులో చిరచిరలాడేవాడు. మరదలి పెళ్ళికి కూడా ముందు నడక పూర్తి చేసుకుని, చెమట చొక్కాతో పందిట్లో కూర్చున్న ఘనుడు.

పదేళ్ళకు భార్య ప్రభావతికి షుగర్ వచ్చింది.

"మందొక్కటే చాలదమ్మా, రోజూ గంట నడవాలె" అన్నాడు డాక్టరు. వామన్‌రావు ఛాతీ విరుచుకున్నాడు. ఇంట్లో ఇంతటి నడకగాడు ఉండగా ఇక ఫికరేముంది?

మర్నాడు ప్రభావతి చేతిలో ఖాళీ సంచితో బయల్దేరింది. పనీపాటా లేకుండా ఆడమనిషి రోడ్డు మీద నడిస్తే నలుగురూ నవ్వుతారని ఆమె బెదురు. సంచి ఉంటే కూరగాయలకు పోతోందనుకుంటారు. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గరికి వచ్చేసరికి ఆయాసంతో ఆగిపోయింది. ఆయన గడియారం చూసుకున్నాడు. ఆ రోజు ఇరవై నిమిషాలు ఆలస్యం.

రెండోనాడు మార్కెట్ దగ్గరే చెప్పేశాడు.

"నువ్వు గీడ మెట్ల మీద కూసో. నేను జల్ది పోయొస్త. నీతోని నడిస్తే నా నడక ఖరాబైతది."

"ఔ, మీరు పోండ్రి" అన్నదామె.

మూడోనాటి నుంచి చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. ఆరేళ్ళు! మార్కెట్ దాకా వచ్చి మెట్ల మీద కూర్చునేది. ఆయన తిరిగొచ్చేసరికి సంచిలో ఏదో ఒక ఆకుకూర వేసుకుని లేచేది. డాక్టరు అడిగితే ఆయనే ముందు అందుకునేవాడు: "రోజూ నాతోనే వస్తది, డాక్టర్‌సాబ్." అది అబద్ధమని ఆ మహానుభావుడికి ఒక్కసారీ తోచలేదు. ప్రభావతి తల దించుకుని ఊరుకునేది.

1974 ఎండాకాలంలో ఆమె పాదం మీద పుండు లేచింది, మానలేదు. దవాఖానలో మోకాలి కింద కాలు తీసేశారు.

"రోజూ నడిచే మనిషికి గింత జల్ది గిట్లెందుకైందో!" అన్నాడు డాక్టరు.

నాలుగో రోజు ఆమే ఆయన్ను బలవంతంగా పంపింది. "పదారేండ్ల అలవాటు, ఎందుకు చెడగొట్టుకుంటరు? జర తిరిగి రాండ్రి."

మార్కెట్ మెట్ల పక్కన మామిడిపండ్ల బుట్టతో కూర్చునే జంగమ్మ ఆయన్ను ఆపింది.

"అమ్మ వస్తలేదేంది, సారూ?"

చెప్పాడు. జంగమ్మ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో! మొదట్ల రోజూ నన్నడుగుతుండె. జంగమ్మా, జర నాతోని గా పోస్టాఫీసు దాంక నడుస్తవా, ఒక్కదాన్ని పోవాల్నంటే సిగ్గైతది అని. బుట్ట ఇడిసిపెట్టి నేను యాడికి పోత సారూ? ఇగ అడుగుడు బంద్ జేసింది."

వామన్‌రావు ఆ మెట్ల మీదే కూలబడ్డాడు. కట్టుకున్నవాడు కళ్ళ ముందే జోరుగా నడిచిపోతుంటే, ఆమె పండ్లమ్మే మనిషిని తోడు అడిగింది. సిగ్గుతో ఏడుపొచ్చింది. బషీర్‌బాగ్ వైపు పోలేకపోయాడు.

దవాఖానకు వచ్చేసరికి డాక్టరు ఆమె మంచం దగ్గరే ఉన్నాడు. వామన్‌రావు అందరి ముందూ అనేశాడు.

"డాక్టర్‌సాబ్, ఆమె నడవలే. ఒక్క రోజే నడిచింది. నేనే నడవనియ్యలే."

ప్రభావతి ముఖం గోడవైపు తిప్పుకుంది. డాక్టరు వెళ్ళిపోయాక మెల్లగా అన్నది.

"ఆరేండ్లు గా మెట్ల మీద కూసున్న. ఒక్క పూటన్న, లెవ్వు ప్రభా, మెల్లగ పోదాం అంటరేమోనని చూసిన."