కఫీల్‌కు పెట్టిన ఖుబ్బూస్ పిజ్జా

పెనం మీద ఖుబ్బూస్ రొట్టె అంచు మాడే వాసన వస్తే చాలు, నేను మళ్లీ గల్ఫ్‌లో, నజ్మాలోని మా కిరాణా కొట్లో ఉంటాను. వరల్డ్ కప్ కోసం వీధంతా తవ్వేసి, మా గుమ్మానికి రేకులు అడ్డం కట్టిన రోజులవి. ఊళ్లో నాయనమ్మ మంచాన పడింది. నాన్న దేశం దాటాలంటే కొట్టు ఎవరి పేరున ఉందో ఆ కఫీల్, అంటే మాకు పూచీ ఉన్న అరబ్బు, సంతకం పెట్టాలి.

"సంతకం ఎంతకిస్తడట? జర తగ్గియ్యమనకపోయినవా నాన్నా?" అన్నాను. బేరానికి లొంగని సరుకు ఉంటుందని నాకప్పుడు తెలీదు.

కఫీల్ వచ్చిన రోజు, అమ్మ మిగిలిన ఖుబ్బూస్ మీద టమాటా సాస్ పూసి, ఉల్లిపాయలూ చీజూ వేసి, పెనం మీద మూతపెట్టి పిజ్జా చేసింది. నా వాటా పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"ఇది తిని, నాన్నకు సంతకం పెట్టాలి" అన్నాను వచ్చీరాని హిందీలో.

ఆయన పకపకా నవ్వి, మొత్తం తినేసి, నా తల నిమిరి, "బుక్రా" అన్నాడు. అంటే రేపు. బేరం కుదిరిందని నేను నాన్న చొక్కాలు పెట్టెలో సర్దేశాను.

పెట్టె చూసి నాన్న, "ఆ రేపు నాకు ఎప్పటిసంది చెప్తుండో బిడ్డా. నీ పిజ్జా పాయె!" అన్నాడు.

నాయనమ్మ పోయిందన్న కబురే ముందొచ్చింది.

ఇప్పుడు నాకూ కొట్టుంది. బేరంలో నన్ను మించినవాళ్లు లేరని విర్రవీగుతుంటాను. కానీ బేరమాడాలంటే, కుదరకపోతే "వద్దులే" అని మెట్లు దిగి వెళ్లిపోగలగాలి. నాన్న ఎక్కడికి వెళ్లిపోతాడు?