వదినగారి నల్ల తెర

ఆ వీధిలో ఫొటో స్టూడియో నడిపే ఆవిడను చిన్నా పెద్దా అందరూ స్టూడియో అక్క అనేవారు. తండ్రి పోయాక స్టూడియో తాళంచెవి ఆవిడ చేతికి వచ్చింది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "ముందు కదలకుండా కూర్చోండి, ఫొటో చెడుతుంది" అని నోరు మూయించేది. కింద స్టూడియో, పైన ఇల్లు. ఇంట్లో ఆవిడా, తమ్ముడూ, తమ్ముడి భార్యా.

ఆవిడకు వస్తువులతో మాట్లాడే అలవాటు. ప్రింటరు కాగితం నమిలితే, "పొద్దున్నే మొదలెట్టావా, నీకేం పోయేకాలం వచ్చిందే" అని తిట్టడం వీధి మలుపు దాకా వినిపించేది. మనుషులతో మాత్రం ముక్తసరి. మరదలు కాపురానికి వచ్చి ఏడాది దాటినా, "భోంచేశావా", "చేశాను వదినా" అన్నంత వరకే ఇద్దరి మధ్యా మాటలు.

ఆ ఏడు ఒక పెద్ద బడి నుంచి పిల్లలందరి ఫొటోలూ తీసే పని వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆవిడ కుడి మణికట్టు మొరాయించింది. ఏళ్ళ తరబడి మౌసు పట్టుకుని ఒక్కొక్క ఫొటోనే లాగి ఫోల్డర్లలో పడేసిన ఫలితం అది. డాక్టరు పట్టీ వేసి, వేళ్ళు ఆడించవచ్చు గానీ మౌసు ముట్టుకోవద్దన్నాడు.

"ముట్టుకోకుండా ఫొటోలు వాటంతటవే నడిచి వెళ్తాయా?" అని ఆవిడ ఇంటికొచ్చి పట్టీని అడిగింది.

మరదలు ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఉద్యోగం చేసేది. ఆ మాట విని, మొదటిసారి తనంతట తాను మెట్లు దిగి స్టూడియోలోకి వచ్చింది.

"వదినా, ఆ కుర్చీ కాసేపు ఇస్తారా?"

మరదలు ఏదో నొక్కగానే తెరంతా నల్లబడింది. మూల చిన్న గీత ఒకటి మినుకుమంటోంది.

"ఇదేమిటి, కరెంటు పోయినట్టుంది?"

"పోలేదండీ. బొమ్మల మీద నొక్కే బదులు ఇక్కడ మాట టైపు చేస్తే కంప్యూటరు ఆ పని చేస్తుంది. దీన్ని షెల్ అంటారు. మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. కొత్తది పెడుతున్నాను, మొదటిసారి కదా, నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. మీరు టైపు చేసిన ఆదేశాలు గుర్తుంచుకోమంటారా అంటోంది."

"గుర్తుంచుకోమను. నా దగ్గర పనిచేసేవాళ్ళకు మతిమరుపు ఉంటే ఎలా?"

"ప్రతి వరసకీ ముందు ఈ గుర్తు వస్తుంది. దీని బదులు మీకు నచ్చిన మాట పెట్టుకోవచ్చు."

"చెప్పక్కా, అని పెట్టు."

మరదలు పకపకా నవ్వింది. ఆ పిల్ల అంత గట్టిగా నవ్వగలదని వదినగారికి అప్పుడే తెలిసింది.

ఫొటోలను తరగతుల వారీగా విడదీసే ఆదేశం జానెడు పొడుగుంది. "రోజూ ఇంత టైపు చెయ్యక్కర్లేదు. దీనికో ముద్దుపేరు పెట్టి సెట్టింగుల ఫైల్లో రాసేస్తే, ఆ పేరు కొడితే చాలు" అంది మరదలు. "అయితే సర్దు అను" అంది ఆవిడ. ఇంగ్లీషు అక్షరాల్లో సర్దు అని రాశారు. ఆ వెనకే చూడు, వెతుకు కూడా చేరాయి. ఇన్నాళ్ళూ ఆవిడ మాటకు బదులు పలికిన వస్తువు లేదు. ఇప్పుడు సర్దు అంటే సర్దుతోంది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

వారం తిరక్కుండానే ధైర్యం హద్దు దాటింది. మరదలు ఆఫీసులో ఉండగా, ఒక మధ్యాహ్నం ఆవిడే రెండు తరగతుల ఫొటోలను ఒకే ఫోల్డరులోకి తోసింది. ఆ తరగతులు తీసిన రెండు మెమరీ కార్డుల్లోనూ కెమెరా ఒకే వరసలో నంబర్లు వేసింది. పేర్లు ఒకటే కావడంతో రెండో తరగతి ఫొటోలు మొదటి తరగతి వాటిని తుడిచిపెట్టి ఆ చోట కూర్చున్నాయి. మొదటి కార్డు ఖాళీ చేసి, దాని మీద అప్పటికే వేరే ఫొటోలు తీసేసింది కూడా. తెర మాత్రం ఏమీ జరగనట్టు, చెప్పక్కా అంది.

సాయంత్రం మరదలు వచ్చేసరికి కింద చడీచప్పుడూ లేదు. ప్రింటరును కూడా ఎవరూ తిట్టడం లేదు. చెప్పులతోనే లోపలికి పరుగెత్తింది.

"ఏమైంది వదినా?"

"ఒక తరగతి పిల్లల్ని గంగలో కలిపేశాను."

మరదలు కుర్చీ లాక్కుని అన్నీ వెతికి చూసింది. దొరకలేదు.

"తప్పు సగం నాది. అదే పేరుతో ఇంకోటి ఉంటే, చెరిపే ముందు అడుగు అని దానికి ముందే చెప్పి ఉంచాల్సింది. ఒక్క వరస రాస్తే సరిపోయేది."

"రాయి మరి. నన్నడక్కుండా ఈ ఇంట్లో ఎవరూ ఏదీ కదపరు. దీనికొక్కదానికేం మినహాయింపు?"

మరదలు ఆ వరస రాస్తూ, తల ఎత్తకుండానే అంది. "అందుకే ఏడాదిగా మా గది కర్టెన్లు మార్చాలని ఉన్నా, మిమ్మల్ని అడగలేక ఊరుకున్నాను."

ఆ కర్టెన్లు వదినగారు కుట్టించినవే. అవి వెలిసిపోయాయన్న సంగతి ఎప్పుడూ గమనించలేదు.

"నాకెందుకు చెప్పలేదే?"

"మీరు ప్రింటరుతో అన్నన్ని మాటలు నాతో అనలేదుగా."

ఆవిడ పట్టీ ఉన్న చేత్తోనే మరదలి వీపు నిమిరి, "రేపే మార్చుకో" అంది.

మర్నాడు ఆవిడే బడికి ఫోను చేసి, ఫొటోలు తన చేతుల్లోనే పోయాయని ఒప్పుకుంది. హెడ్ మాస్టరు కాసేపు గొణిగి, సరే, వచ్చి మళ్ళీ తీయమన్నాడు. మరదలు సెలవు పెట్టి వెంట వెళ్ళింది. పట్టీ ఉన్న చేత్తో ఆవిడ పిల్లల కాలర్లు సర్దుతుంటే, మరదలు కెమెరా పట్టింది. లెక్కల క్లాసు తప్పినందుకు పిల్లలందరూ చెవులదాకా నవ్వారు. ఆ తరగతి ఫొటోలే అన్నిటికంటే బాగా వచ్చాయని బడిలో అందరూ అన్నారు.

పట్టీ విప్పాక కూడా ఆవిడ మౌసు జోలికి పెద్దగా పోలేదు. మరదలు ఆఫీసు నుంచి రాగానే ఇద్దరూ తెర ముందు కూర్చుంటారు. అక్షరాలు పసుపురంగులో ఉండాలని ఒకరు, ఆకుపచ్చలో ఉండాలని ఒకరు వాదించుకుంటారు. ఒకరోజు తమ్ముడు మెట్ల మీద నిలబడి, "ఈ పూట వంట సంగతి ఎవరైనా చూస్తున్నారా?" అని అడిగాడు.

"కూరలు తరుగుతూ ఉండు, వస్తున్నాం" అంది అక్క, తెర మీంచి చూపు తిప్పకుండా.