సిర్గాపూర్ దగ్గర నలభై మూసిన తలుపులు

డెబ్భై మూడేళ్ళ వయసులో, మోకాళ్ళు రెండూ మొరాయిస్తుండగా, నేను నారాయణఖేడ్ బస్సెక్కింది పుణ్యం కోసం కాదు, పరోపకారం కోసమూ కాదు. ఒక మనిషిని అబద్ధాలకోరుగా రుజువు చేయాలని. ఆయన నా పాత సహోద్యోగి. మా కళాశాలలో మానసిక శాస్త్రం సెక్షన్ ఎత్తేయాలని చర్చ జరిగిన రోజున "ఇది చదివి ఏం చేస్తారు, పిచ్చోళ్ళ తలలు లెక్కపెడతారా?" అని సమావేశాన్నంతా నవ్వించాడు. అదే సబ్జెక్టు చెప్పి జీతం తీసుకుంటూ ఆ మాట అన్నాడు. సెక్షన్ పోయింది. ఆ తరువాత ఆయన ఫంక్షన్ హాళ్ళలో వ్యక్తిత్వ వికాసం అమ్ముకున్నాడు, ఇప్పుడు డిగ్రీ ప్రాజెక్టులకు పరీక్షకుడయ్యాడు. చదివిన పుస్తకాలతో నేను ఇంట్లో మిగిలాను.

ఎస్తేరు ఖేడ్ పిల్ల. అక్కడివాళ్ళు నారాయణఖేడ్‌ని అలాగే అంటారు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి సైకాలజీతో బీఏ చేసింది. వాళ్ళ కాలేజీలో నేను ఒక నెల అతిథిగా పాఠాలు చెప్పాను. చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు ఆమె సిర్గాపూర్ మండలంలోని ఒక ఊళ్ళో ఒకే వీధి తీసుకుంది. మగవాళ్ళంతా కూలికి హైదరాబాద్ పోయిన నలభై ఇళ్ళు. అక్కడి ఆడవాళ్ళ నిద్ర, ఒంటరితనం ఆమె అంశం. ఫారంలో పదిహేడో ప్రశ్న: "దగ్గర ఎవరూ లేనప్పుడు మిమ్మల్ని ఎవరో పిలిచినట్టు వినిపిస్తుందా?" నలభై మందీ అవునన్నారు. పరీక్షకుడిగా వచ్చిన నా పాత సహోద్యోగికి అనుమానం వచ్చింది. కిందటి నెల స్వయంగా ఊరికి వెళ్ళానని, ఆ వీధిలో మనుషులే లేరని, ఫారాలన్నీ కల్పితమని రాసి మార్కులు ఆపేశాడు. ఎస్తేరుకు ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చి పీజీలో సీటు దొరికింది. పది రోజుల్లో మార్కుల మెమో చూపించకపోతే ఆ సీటు పోతుంది. ఆ సబ్జెక్టు అధ్యాపకుడు మరొకరు వెళ్ళి చూసి లేఖ రాస్తే మళ్ళీ పరిశీలిస్తారట.

"ఆయన ఊరికే రాలె సార్. ఇంట్ల కూసొని రాసిండు. మీరొక్కసారి వచ్చి చూడున్రి" అంది ఫోన్‌లో. ఇంత తీపి మాట విని చాలా ఏళ్ళయింది. మర్నాడే బయలుదేరాను.

అక్టోబరు మొదటి వారం. పటాన్‌చెరులో పొద్దున్న తొమ్మిదింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్ నూట ఎనభై దాకా అయింది. బస్సు నిండా ఆడవాళ్ళే, వాళ్ళకు ఉచితం. నేను జేబులో ఆధార్ కార్డు వెతుకుతుంటే కండక్టరు "గది ఆడోళ్ళకు తాతా. నువ్వు పైసలు తియ్యి" అంది. సంగారెడ్డి, జోగిపేట, అల్లాదుర్గం దాటి నిజాంపేట దగ్గర హైవే వదిలి, పన్నెండు దాటాక బస్సు ఖేడ్‌లో దించింది. దారంతా పత్తి, కంది. కోసిన సోయా చేలు బోడిగా ఉన్నాయి.

బస్సులో నేను చదివింది ఎస్తేరు వాళ్ళ కాలేజీ, చేరేవాళ్ళ చేతిలో పెట్టే రంగుల కరపత్రం. 'మనసులను చదివే విద్య, అపారమైన అవకాశాలు' అని ఉంది దాని మీద. మనసులు చదవడం ఎవరికీ రాదు. నిజం నేను చెబుతాను, రాసుకోండి. బీఏతో ఆగితే సర్వేలు చేసే సంస్థల్లో ఫీల్డు పని, స్వచ్ఛంద సంస్థల్లోనూ మత్తు మాన్పించే కేంద్రాల్లోనూ సహాయకుల పని, కంపెనీల్లో సిబ్బంది నియామకాల విభాగంలో చిన్న ఉద్యోగం దొరుకుతాయి. బడిలో కౌన్సెలర్ కావాలంటే పీజీ అడుగుతారు. పేరు ముందు క్లినికల్ అని పెట్టుకోవాలంటే ఆ పైన ప్రభుత్వ గుర్తింపు ఉన్న శిక్షణ తప్పదు, సీట్లు తక్కువ. సోషల్ వర్క్‌లో పీజీకి పోవచ్చు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే కోర్సుకు పోవచ్చు. ఏ దారిలో పోయినా మొదట అడిగేది ఒకటే: ఫీల్డులో ఏం చేశావు? అందుకే కల్పితమన్న ముద్ర ఒక్కసారి పడితే ఆ పిల్ల ముందున్న తలుపులన్నీ మూతబడతాయి.

బస్టాండు దగ్గర చిన్న హోటల్లో ఎస్తేరు కలిసింది. సన్నగా, నిటారుగా, ఫారాల సంచీని బిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జొన్న రొట్టె, పప్పు తిన్నాం, ఇద్దరికీ నూట ఇరవై. రొట్టెలు చేసే ఆమె నన్ను ఎగాదిగా చూసి "గీ సారేనా నీకు సర్టిఫికెట్ ఇచ్చేది? ఈయననే ఎవలన్న పట్టుకొని నడిపియ్యాలె" అంది.

"మాట గట్టిగనే ఉంటది అక్కా" అంది ఎస్తేరు.

వాళ్ళ నాన్న లింగంపల్లిలో మేస్త్రీ దగ్గర కూలి. ఈ సీటు పోతే ఇంకో ఏడాది హాస్టల్లో పెట్టలేనని ముందే చెప్పేశాడట. "మళ్ళీ ఏడాది అంటే ఇగ లేదు సార్. మా మేనత్త కొడుకు ఉన్నడు, రేపే లగ్గం అంటరు" అని, నవ్వకుండా రొట్టె తుంచుకుంది.

మూడింటి తరువాత ఆటో మాట్లాడుకున్నాం. పోనురాను, ఆగినందుకు కలిపి ఆరు వందలు. డ్రైవర్ జైపాల్‌ది బోరంచ వైపు ఊరు. ఆడవాళ్ళు చేల నుంచి వచ్చేదే ఆరింటికి కాబట్టి ముందే వెళ్ళి లాభం లేదని నెమ్మదిగా నడిపాడు. ఊరి పేరు రాయను, ఊరూ పేర్లూ బయటపెట్టబోమని ఫారం మొదటి పేజీలో వాళ్ళకిచ్చిన మాట ఉంది. ఊరి బయటే ఆటో ఆపేశాడు.

"లోపలికి తోవ ఉంది కదా?" అన్నాను.

"ఉంది సార్. నేను రాను. వాపస్ వచ్చేటప్పుడు ఫోన్ కొట్టున్రి. దూరంకెళ్ళి నా పేరు వెట్టి పిలవకున్రి."

"ఎందుకు?"

"ఫోన్ అయితే నంబరు కనవడ్తది" అన్నాడు, అంతకుమించి చెప్పాల్సిందేమీ లేనట్టు.

వీధి పొడుగ్గా, సన్నగా ఉంది. రెండు వైపులా రేకుల ఇళ్ళు, సిమెంటు గోడలు, చెక్క తలుపులు. ఒక్క తలుపుకూ బయట తాళం లేదు, ఒక్కటీ తెరిచి లేదు. పొయ్యి పొగ వాసన వస్తోంది, మనిషి అలికిడి లేదు. ఇంత పొడుగు వీధిలో ఒక్క పిల్లాడి ఏడుపు కూడా వినబడకపోవడం నాకు నచ్చలేదు. ఎస్తేరుకు బాగా చనువున్న ముసలమ్మ ఇల్లు చివర ఉంది, ఇక్కడ ఆమెను లచ్చవ్వ అంటాను. అక్కడి దాకా వెళ్ళేసరికి వెలుగు పోయింది. నేనే ముందుకెళ్ళి "లచ్చవ్వా!" అన్నాను. జవాబు లేదు. కాసేపాగి మళ్ళీ పిలిచాను. తలుపు కింది సందులో రెండు పాదాల నీడ కనిపించింది. కదలలేదు. ఆ పాదాల మనిషి నాకు జానెడు దూరంలో, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. 

ఎస్తేరు నన్ను పక్కకు జరిపి పిలిచింది. "లచ్చవ్వా." ఆగింది. "లచ్చవ్వా." ఆగింది. "లచ్చవ్వా, నేను ఎస్తేరు." గడియ తీసిన చప్పుడు.

ముసలమ్మ నా కంటే పెద్దది. నులక మంచం వాల్చి కూర్చోమంది. వినబడలేదా అమ్మా, నేనూ పిలిచాను కదా అన్నాను.

"వినవడ్డది. రెండుసార్లు పిలిస్తివి. మూడోది ఏది మరి?"

"మూడోది దేనికి?"

"పొద్దుగూకినంక ఒక్కసారి పిలిచేది మనిషి గావచ్చు, గాకపోవచ్చు. అది రెండోసారి గూడ పిలుస్తది. మూడోసారి పిలిచే ఓపిక దానికుండది. మనిషికే ఉంటది."

"దానికి అంటే?"

"సదువుకున్నోనివి నువ్వే చెప్పు" అని బొడ్లో నుంచి తంబాకు తీసింది.

ఎస్తేరు వైపు తిరిగాను. ఈ సంగతి ప్రాజెక్టులో ఎందుకు రాయలేదు?

"ఏం రాయాలె సార్? అందరు గట్లనే పిలుస్తరు గద" అంది. రాయదగ్గ విషయమని ఆ పిల్లకు తోచనే లేదు. మనం చెప్పు విడిచి ఇంట్లోకి పోయామని రాసుకుంటామా?

అప్పుడు అడిగాను, నేను అంత దూరం వచ్చిన ప్రశ్న. నెల క్రితం ఇక్కడికి ఎవరైనా వచ్చారా?

"వచ్చిండు" అంది లచ్చవ్వ. ఎస్తేరు ముఖం, నా ముఖం ఒకేసారి పడిపోయి ఉంటాయి. "తెల్ల కారు ఆడ నిలిపిండు. కరెంటు లేకుండె ఆ దినం. చేతుల కాయితం. ఎన్నడు సూడని మొగోడు, సీకట్ల, మా పేర్లు సదువుకుంట ఒక్కొక్క తలుపుకాడ రెండుసార్లు పిలుచుకుంట వచ్చిండు. మేమందరం తలుపుల ఎనక నిలవడ్డం. పిల్లల మూతుల మీద చేతులు వెట్టినం. మూడోసారి పిలుస్తడా అని నేనైతే గడియ మీద చెయ్యేసి సూసిన. పిలవలే. కాయితంల రాసుకున్నడు."

"తరవాత పోయిండా?" అంది ఎస్తేరు.

"పోతుండె. గీ నడిమిట్ల ఆగిండు. ఎనుకకు మల్లి 'ఆఁ' అన్నడు."

"ఎవరు పిలిచారు?" అన్నాను.

"ఎవలు పిలవలే సారూ. గదే నేను చెప్పేది. మేం నలభై మందిమి సప్పుడు జెయ్యక నిలవడ్డం. ఆయన పలికిండు. ఇంకోసారి గూడ 'ఆఁ' అన్నడు. ఇగ కారు దాక ఉరికిండు."

తిరుగుదారిలో ఎస్తేరు ఒక్కో తలుపు దగ్గర మూడేసి సార్లు పిలుస్తూ వచ్చింది. ఒక్కో తలుపూ తెరుచుకుంది. చేతుల్లో పిండితో, ఒళ్ళో పిల్లలతో, లచ్చవ్వతో కలిపి నలభై మంది ఆడవాళ్ళు. పదిహేడో ప్రశ్న నేనే అడిగాను. అందరూ వేళకు బస్సు వస్తుందా అని అడిగినట్టే విన్నారు, అవునన్నారు. ఒక చిన్నమ్మాయి, పెళ్ళయి ఏడాది కాలేదేమో, "మీ దిక్కు పిలవదా?" అని నన్నే ఎదురడిగింది. అంతా నా కాగితం మీద గుర్తులు పెట్టారు.

ఆఖరి గడప దాటి ఆటో వైపు వస్తుండగా నా పేరు వినబడింది. నా భార్య పోయాక నన్ను పేరుతో పిలిచేవాళ్ళు లేరు, అందరికీ సార్‌నే. స్పష్టంగా, వెనక నుంచి, తొందర లేకుండా వచ్చింది ఆ పిలుపు. ఎదురుచూసే శబ్దాన్ని చెవి తనంతట తానే అల్లుకుంటుందని, అలసిన బుర్ర మీద సూచన ఎలా పనిచేస్తుందో ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాణ్ణి. అయినా కాలు ఆగిపోయింది. పక్కన ఎస్తేరు కూడా ఆగింది.

"మీకేం వినవడ్డది సార్?"

"నా పేరు."

"నాకు నాది" అంది. "నడువున్రి."

రెండోసారి విన్నామో లేదో మేం మాట్లాడుకోలేదు.

రాత్రి ఖేడ్‌లో లాడ్జి, ఏడు వందలు. పొద్దున్న ఎనిమిదింటికి బస్టాండులో ఛాయ్ తాగుతూ నా పాత సహోద్యోగికి ఫోన్ చేశాను. ఎస్తేరు పక్కనే ఉంది. నువ్వు నిజంగానే వెళ్ళావని లేఖలో రాస్తున్నాను అన్నాను. నా జీవితంలో ఆయన గురించి రాసిన మొదటి మంచి మాట అది. ఒక్కో తలుపు దగ్గర రెండుసార్లు పిలిచావట అన్నాను.

"లెక్కపెట్టినట్టు చెబుతున్నావే" అన్నాడు వెటకారంగా.

"లెక్కపెట్టినవాళ్ళే చెప్పారు. ఒక్కో తలుపు వెనక ఒక మనిషి."

 "అందరూ లోపలే ఉన్నారా?" అన్నాడు. గొంతులో వెటకారం పోయింది. ఎన్నో ఏళ్ళుగా నేను కోరుకున్న క్షణం. ఉరికావట కదా, కారు దాకా, అనబోయాను. ఎస్తేరు చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది. సంచీలోంచి ఖాళీ ఫారం తీసి బెంచీ మీద పరిచింది.

"నమస్తే సార్. నేను ఎస్తేరును. మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతా. ఇష్టం లేకుంటే జవాబు చెప్పకున్రి. మీ పేరు బయట ఎక్కడ చెప్పను." తరువాత ఫారంలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట మార్చకుండా చదివింది. "దగ్గర ఎవరూ లేనప్పుడు మిమ్మల్ని ఎవరో పిలిచినట్టు వినిపిస్తుందా?"

ఆ జవాబు నాకు బయటికి వినబడింది. "అవును."

"ఎన్ని దినాల సంది సార్?"

"ఆ రోజు నుంచి. రోజూ."

గీత పెట్టింది, రాసుకుంది. తరువాతి ప్రశ్న ఫారంలో లేదు. "పలుకుతున్నరా సార్?"

ఆయన ఏమన్నాడో నాకు తెలియదు. ఎస్తేరు కళ్ళు మూసుకుని విన్నది. "ఇగ పలకకున్రి" అంది మెల్లగా, జ్వరం ఉన్న పిల్లాడికి చెప్పినట్టు. "మూడోసారి పిలిస్తెనే పలుకున్రి."

ఐదు రోజులకు మార్కులు విడుదలయ్యాయి. తన నివేదికను వెనక్కి తీసుకుంటూ ఆయన రాసిన కాగితంలో కారణం ఒక్క వాక్యమే: ఇళ్ళు ఖాళీగా లేవు. ఎస్తేరు పీజీలో చేరింది. ఇదంతా రాసుకోవచ్చా అని ఆయన్ను అడిగించాను. పేరు లేకుండా అయితే సరే అన్నాడట, ఆనవాళ్ళు కూడా కొన్ని మార్చాను. ఆయన పేరు నలుగురిలో పెట్టి కడిగేయాలని ఇన్నేళ్ళు కాచుకుని ఉన్నవాణ్ణి. ఇప్పుడాయన నలభై ఒకటో ఫారం. ఆ కాగితం మొదటి పేజీలోని మాట నలభై మంది కూలీ ఆడవాళ్ళను కాపాడినట్టే ఆయన్నూ కాపాడుతుంది, నా నుంచి. ఈ విద్య ఏం పనికొస్తుందని ఎవరైనా అడిగితే ఉద్యోగాల జాబితా చెబుతూనే ఉంటాను. కానీ ఖేడ్ బస్టాండు బెంచీ మీద, తన బతుకు పాడు చేయబోయిన మనిషిని ఒక పిల్ల అడిగిన తీరు నాకు ఏ తరగతి గదిలోనూ చేతకాలేదు. పగ లేకుండా అడిగింది, జవాబుకు నవ్వకుండా రాసుకుంది.

ఫీల్డుకు వెళ్ళబోయే విద్యార్థులకు ఒక్క సలహా. ఫారంలో జవాబులతో పాటు, ఏ వేళకు వెళ్ళారో, ఏమని పిలిచారో, లోపలి మనిషి బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో డైరీలో ప్రతి ఇంటికీ రాసుకోండి, ఎంత మామూలుగా అనిపించినా సరే. సాయంత్రం పని పెట్టుకుంటే ఆటోను ఖేడ్‌లోనే రానుపోను మాట్లాడుకోండి. చీకటి పడ్డాక ఆ వైపు బండి దొరకదు.